వేపపువ్వు చారు

పోయిన వారం కాంచనను తిరువళ్లూరు బియ్యం మిల్లు గేటు దగ్గర నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఈ వారం పొడుగునా ఆ ఎండలో అలాగే నిలబడి ఉంది. కొత్తగా ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్లకు రెండు ముక్కల్లో సంగతి చెప్పేసి ఆమె దగ్గరికి పోదాం.

కాంచన మొగుడు తంగరాజు ఆ మిల్లులో మూటలు మోసే మనిషి. ఎమర్జెన్సీ పెట్టిన ఏడు అతనికి క్షయ పట్టింది. నెత్తురు కక్కి, గంజి తాగడానికి కూడా లేవలేని స్థితికి వచ్చాడు. సర్కారు ఆస్పత్రిలో ఏడాది పైన రోజూ మింగమని మాత్రలు ఇచ్చారు. సరిగ్గా అప్పుడే పాస్టరు సుందరరాజులు అయ్యగారి ప్రార్థన మందిరంలో చేరాడు. ఆ మందిరంవాళ్లు నగ పెట్టరు, ఆదివారం తెల్లబట్ట తప్ప కట్టరు, ఎంత జబ్బు చేసినా మాత్ర మింగరు, సూది వేయించుకోరు. బాగుచేసేవాడు ప్రభువొక్కడే అని తంగరాజు మాత్రలన్నీ తీసుకుపోయి కాలవలో పోశాడు. అయినా చావలేదు. చావకపోవడమేమిటి, ఏడాది తిరిగేసరికి మళ్లీ మూట ఎత్తాడు!

అప్పటినుంచి అతను ఊరూరా తిరిగి సాక్ష్యం చెబుతున్నాడు. ఏ ఊళ్లో చెప్పినా అందులో ఒక మాట తప్పకుండా ఉంటుంది. "నా నాలిక మీద ఒక్క మాత్ర పడలే. నా ఆడది పెట్టిన వేపపువ్వు చారు, ఆండవర్ కృప, ఈ రెండే నన్ను లేపినాయి" అంటాడు. ప్రభువును ఆ పక్కవాళ్లు ఆండవర్ అంటారు, ప్రార్థనను జెబం అంటారు. జనం స్తోత్రం స్తోత్రం అని చేతులెత్తుతారు. ఆ చారులో ఏం కలిసిందో మాత్రం ఒక్క కాంచనకే తెలుసు. నెలనెలా ఆస్పత్రికి పోయి, మొగుడు పనిలో ఉన్నాడని చెప్పి, మాత్రలు తెచ్చి, రాతి మీద నూరి, చేదు చేదులో కలిసిపోతుందని వేపపువ్వు చారులో పోసి పెట్టిన మహాతల్లి ఆమె.

పోయిన వారం కథలో, ఆ రోజు పొద్దున్నే, తంగరాజు అక్క చెంచమ్మ తిరుత్తణి నుంచి మిల్లు గేటు దగ్గరికి వచ్చింది. ఆమె కూతురు కోకిలకూ అదే జబ్బు. ఎండాకాలం తిరుత్తణిలో పెట్టిన ప్రార్థన కూటంలో మేనమామ సాక్ష్యం విని, ఆ పిల్ల తన మాత్రల పొట్లం తెచ్చి అందరి ముందూ అయ్యగారి కాళ్ల దగ్గర పెట్టేసింది. ఇప్పుడు నెత్తురు పడుతోంది. "మామను పిలుచుకోని రా, మామ చెయ్యి పెడితే చాలంటా ఉండాది" అని చెంచమ్మ చెప్పి, బిడ్డ ఒంటరిగా ఉందని ముందు బస్సులోనే వెళ్లిపోయింది. కళ్లం పని కాగానే వస్తామని తంగరాజు మాట ఇచ్చాడు. మనం కాంచనను వదిలేసింది అక్కడే.

ఇక ఈ వారం సంగతి.

ఆవిరి పట్టిన వడ్లు కళ్లంలో పరిచి ఉన్నాయి. ఉడికిన వడ్లను ఎండలో వేసి ఊరుకుంటే కుదరదు. పైన గింజ గట్టిపడి, కింద గింజ తడిగా ఉండిపోతే, మిల్లులో పడగానే పగిలి నూకైపోతుంది. అందుకని ఎండ ఉన్నంతసేపూ కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తూనే ఉండాలి. మొగుడూ పెళ్లాలూ పక్కపక్క చాళ్లలో నడవడం ఆ మిల్లులో మామూలే. కింద సిమెంటు కాలుతుంటుంది, పైన పొద్దు కాలుతుంటుంది, మధ్యలో ఆ ఉడుకు వడ్ల వాసన. ఆ వాసనంటే కాంచనకు చిన్నప్పటినుంచీ ఇష్టం. 

తంగరాజు పాడుకుంటున్నాడు. మనిషి సంతోషంగా ఉన్నాడు మరి. అక్క అంత దూరం నుంచి వచ్చి పిలిచింది. మేనకోడలు తన చెయ్యి కోసం ఎదురుచూస్తోంది. మూటలు మోసేవాణ్ణి ఎవరు పిలుస్తారు ఈ లోకంలో?

"అక్క మొగం చూసినావా కాంచనా?" అన్నాడు చాలు చివర తిరుగుతూ. "బిడ్డకు నెత్తురు పడతా ఉంటే గూడా ఒక్క చుక్క కన్నీళ్లు పెట్టలే. ఎంత విశ్వాసం!"

"పెట్టుంటే బాగుండు బావా."

"అదేం మాట మే?"

"బావా, తిరుత్తణికి పోకముందు నీతో ఒకటి చెప్పల్ల."

"చెప్పు. నడస్తానే చెప్పు. మేస్త్రి చూస్తా ఉండాడు."

కాంచన ఒక చాలు నడిచింది.  ఇంకో చాలు నడిచింది. చెబితే ఈ మనిషి ఏమైపోతాడు? చెప్పకపోతే ఆ పిల్ల ఏమైపోతుంది? రెండేళ్లుగా ఆమె ఈ రెండు ప్రశ్నల్లో మొదటిదే అడుగుతూ వచ్చింది. రెండోది అడగాల్సిన రోజు వస్తుందని అనుకోలేదు. తను పోయి కోకిలకు చెబుదామా అనీ ఆలోచించింది. ఆ పిల్ల మొండిది, మామ మాట తప్ప ఎవరి మాటా వినదు. చెప్పాల్సింది తంగరాజే. తంగరాజు చెప్పాలంటే ముందు తంగరాజుకు తెలియాలి.

"కోకిలకు జెబం ఒకటే చాలదు బావా. మాత్రలు కావల్ల."

తంగరాజు ఆగిపోయాడు. "నువ్వేనా ఈ మాట అనేది? ఇంట్లో నన్ను పెట్టుకోని నువ్వేనా అనేది?"

"నిన్ను పెట్టుకోనే అంటా ఉండా. నువ్వు మాత్రలు మింగినావు. అందుకే లేచినావు."

అతను నవ్వాడు. అదీ ఎట్లాంటి నవ్వు, చిన్నపిల్ల ఏదో తెలియక వాగితే నవ్వే నవ్వు. "కాలవలో పోసినా కదే. నువ్వు ఒడ్డు మీద నిలబడి ఏడ్చినావు గూడా."

"కాలవలో పోసినవి పోయినాయి. మళ్లీ తెచ్చినా. నెలనెలా పోయి తెచ్చినా. నూరి చారులో కలిపినా."

"ఏం తంగరాజూ!" అటు చివర నుంచి మునుస్వామి మేస్త్రి అరిచాడు. "కళ్లంలో కాపురం పెడితివే! గింజ పగిలితే ఓనరుకు నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?"

తంగరాజు మళ్లీ నడిచాడు. కాళ్లు వాటంతట అవే చాలు తీస్తున్నాయి. పాట ఆగిపోయింది. కాంచన పక్కనే నడిచింది. అటు చివరకు పోయి, తిరిగి ఇటు చివరకు వచ్చాక అతను అడిగాడు.

"ఎన్ని దినాలు?"

"ఏడాది పైన."

"దినామా?"

"ఒక్క దినం తప్పలే. నాకు జొరం వచ్చిన దినం గూడా లేచి పెట్టినా."

"నాకు చేదు తెలియలేదే?"

"అందుకే వేపపువ్వు."

అతను తల ఊపాడు, ఎవరో దారి చెబితే అర్థమైనట్టుగా. ఇంకాసేపు నడిచాడు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు. "నన్ను ఆండవర్ తాకినాడు అనుకుంటి కాంచనా. మూట మోసేవాణ్ణి, చదువు లేనివాణ్ణి, ఇంత జనంలో నన్ను వెతుక్కోని వచ్చి ఈ రొమ్ము మీద చెయ్యి పెట్టినాడు అనుకుంటి. నిద్దర్లో ఆ చెయ్యి తెలిసేది నాకు. అది నీ చెయ్యా?"

కాంచనకు ఏడుపు వచ్చేసింది. ఎదురు తిరిగి అరుస్తాడనుకుంది, కొడతాడనుకుంది, దానికి మనసు గట్టి చేసుకుని ఉంది. ఈ మాటకు ఆమె దగ్గర ఏ గట్టిదనమూ లేదు.

"ఆయన చెయ్యే బావా. నా చేతిలో నుంచి వచ్చింది, అంతే. బైబిల్లో హిజ్కియా రాజు సంగతి మన అయ్యగారే చదివినారు కదా! పుండు లేచి చావబోతా, గోడ పక్కకు తిరుక్కోని ఏడిస్తే, దేవుడు విన్నాడు. నీ కన్నీళ్లు చూసినా, బాగవుతావు అన్నాడు. దేవుడు అన్నాక ఇంక అంతే కదా? మళ్లీ ఏమిటికి అంజూరపు పండ్లు ముద్ద చేసి ఆ పుండు మీద పెట్టమన్నారు? ఆయన మాట చాలకనా? ఆ దినం నేను ఆడోళ్ల పక్క కూర్చోని విన్నా. అందరూ రాజు కన్నీళ్ల దగ్గరే ఆగిపోయినారు. నాకు ఆ ముద్ద పట్టుకునింది. ఇంటికి పోయి రాయి కడిగినా."

ఎంత బాగా చెప్పింది! పెద్ద పెద్ద గొంతులు వేసుకుని ప్రసంగాలు చేసేవాళ్లు కూడా ఇంత బాగా చెప్పలేరు. రెండేళ్లుగా మనసులో అనుకుని అనుకుని అరగదీసిన మాటలవి. ఇవి చెబితే అతను కాదనలేడని ఆమె నమ్మకం.

తంగరాజు ఆలోచించాడు. అతనూ ఆ అధ్యాయం ఎరుగును, తమిళంలో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివినవాడే.

"ఆ ముద్ద రాజుకు చెప్పి పెట్టినారు మే," అన్నాడు. "రాజు నిద్దరపోతా ఉంటే దొంగగా పెట్టలే."



"చెప్పుంటే మింగుంటావా?" అంది కాంచన.

"మింగను. చచ్చుంటా."

"మరి?"

"బాగైనాక చెప్పుండొచ్చు కదా. మూట ఎత్తిన దినం చెప్పుండొచ్చు. మొదటి కూటానికి పోతా ఉంటే గుమ్మంలో నిలిపి చెప్పుండొచ్చు. రెండేండ్లు ఊరూరా తిరిగి అబద్ధం చెప్పినానే! దేవుని పేరు పెట్టి చెప్పినానే! పక్కనే కూర్చోని వింటివే!"

"బాగైనాక నువ్వు పాడతా ఉంటివి బావా," అంది కాంచన ఏడుస్తూనే. "జబ్బు రాకముందు గూడా నువ్వు పాడిన మనిషివి కాదు. సాయంత్రమైతే కల్లు దుకాణం, ఇల్లు చేరితే కొట్లాట. అట్లాంటోడివి తెల్లార్తానే లేచి పాడతా నీళ్లు తోడేవాడివి. నలుగురు అన్నా అని పిలిస్తే నీ మొగం ఎట్ల ఉండేదో నువ్వు చూళ్లేదు, నేను చూసినా. రేపు చెప్తాం, ఈ ఆదివారం పోనీ అనుకుంటా వచ్చినా. ఎట్ల చెప్పేది? నువ్వే చెప్పు, ఎట్ల చెప్పేది?"

ప్రాణం నిలబెట్టడానికి ఆడిన అబద్ధం, ప్రాణం నిలబడగానే చచ్చిపోతుందని ఆమె అనుకుంది. అది చావలేదు. బస్సెక్కి ఊళ్లు తిరిగింది. ఆమె చేసిన పొరపాటు అంతా ఇంతే, కానీ ఎంత పొరపాటో ఆ కళ్లంలో నడుస్తుంటే ఆమెకే తెలుస్తోంది.

తంగరాజు ముఖం తుడుచుకున్నాడు. "కోకిల పొట్లం తెచ్చి అయ్యగారి కాళ్ల దగ్గర పెట్టినప్పుడు నువ్వు యాడ ఉండావు?"

"ఆడనే. దాని వెనకాలే కూర్చోనుంటి."

"చూసినావా?"

"చూసినా."

"చూసి?"

"మళ్లీ మింగుతాదిలే, ఒదిన పెడతాదిలే అనుకుంటి. నాకు నేను అట్ల చెప్పుకుంటి." కాంచన తల వంచుకుని చాలు తీస్తూనే చెప్పింది. "లేచి నిలబడదామని పైట సర్దుకున్నా గూడా. నువ్వు దాని తల మీద చెయ్యి పెట్టి నవ్వినావు. మళ్లీ కూర్చుండిపోయినా."

అతను ఆమెను అలా చూస్తూ నిలబడిపోయాడు. మేస్త్రి అరిచాడు. తంగరాజుకు వినబడలేదు. తర్వాత ఒక్కసారిగా పక్కకు తిరిగి, చాళ్లన్నీ తొక్కుకుంటూ, కళ్లానికి అడ్డంగా నడిచి బాయిలరు వైపు వెళ్లిపోయాడు. పరిచిన వడ్లలో అడ్డంగా నడిచిన మనిషిని ఆ మిల్లులో అంతవరకూ ఎవరూ చూడలేదు. పని ఎరిగినవాడెవడూ ఆ పని చేయడు. మునుస్వామి మేస్త్రి నోట్లో తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

కాంచన అతని చాలు కూడా తనే తీసింది. ఏం చేస్తుంది మరి! తన చాలు ఒకసారి, అతని చాలు ఒకసారి. అయ్యగారి దగ్గరికి పోయుంటాడా? పోయి ఏం చెబుతాడు? ఇంక ఇంటికి వస్తాడా? కాళ్లు మండుతున్నాయి. మిగతా ఆడవాళ్లు చూసీ చూడనట్టు పని చేసుకుంటున్నారు. వాళ్లూ మొగుళ్లున్నవాళ్లే.

అతను తిరిగి వచ్చేసరికి వడ్లు చేతిలో గలగలమనేంత ఆరాయి. తల మీద నీళ్లు కుమ్మరించుకున్నట్టున్నాడు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పద," అన్నాడు.

"యాడికి బావా? అయ్యగారి దగ్గరికా?"

"అయ్యగారికి తర్వాత చెప్పుకుంటా. బిడ్డకు ముందు చెప్పల్ల. పొద్దు గూకేలోగా దాన్ని ఆస్పత్రిలో చేర్చల్ల." రెండడుగులు వేసి ఆగాడు. "నీతో మాట్లాడే ఓపిక నాకు లేదు కాంచనా. ఊరికే నాతో రా. నువ్వు పక్కన లేకుంటే నేను చెప్పలేను."

అది తిరుత్తణి కొండ గుడి పండగ ఆడికృత్తికకు ముందు రోజు. తిరుత్తణి పోయే బస్సులన్నీ మొక్కు కావళ్లతో నిండిపోయి ఉన్నాయి. గుండ్లకు గంధం పూసుకున్నవాళ్లు, పసుపు గుడ్డలవాళ్లు, ఒళ్లో నెమలి ఈకల కట్టలు పెట్టుకున్నవాళ్లు, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా హరోహర అని కేకలు. వేరే రోజైతే తంగరాజు ఈ జనానికి కూడా సాక్ష్యం చెప్పేసేవాడు. రెండేళ్లలో ఏ బస్సునూ వదిలిపెట్టిన మనిషి కాదు. ఆ రోజు ఒక ముసలాయన జరిగి చోటిస్తే, కళ్లొత్తుకుంటూ కూర్చున్నాడు. "ఏమయ్యా, ఎవరికైనా ఒంట్లో బాగలేదా?" అని ఆ ముసలాయన తమిళంలో అడిగాడు. "నా బిడ్డకు" అన్నాడు తంగరాజు. "సరైపోతుందిలే" అని ఆయన తంగరాజు మోకాలి మీద తట్టి, కిటికీ పక్క చోటు కాంచనకు ఇచ్చాడు.

కనకమ్మసత్రం దాటాక తంగరాజు ఒకే ఒక మాట మాట్లాడాడు. "కోకిల ఒకతే అనుకుంటా ఉండావా? ఇంకా ఎవరెవరు మానేసినారో." 

చెంచమ్మ ఇల్లు కొండ కింద నేతవాళ్ల వీధిలో. ఇంటింటా మగ్గం చప్పుడు. కోకిల ఆ వీధిలో మగ్గాలకు కండెలు చుట్టే పిల్ల. తొమ్మిది దాకా తమిళంలో చదువుకుంది. వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా కోకిలే చదివి పెట్టేది, మాట చురుకు, నవ్వు ఎక్కువ. ఇప్పుడు గోడకు ఆనించిన రాట్నం పక్కనే చాప మీద పడుకుని ఉంది. పంతొమ్మిదేళ్ల పిల్ల చాపకు అంటుకుపోయి ఉంది.  ఎండాకాలం ఆ పొట్లం పట్టుకుని లేచి నిలబడిన పిల్ల ఈ పిల్లేనా?

చుట్టూ మందిరం ఆడవాళ్లు తల మీద కొంగు వేసుకుని కూర్చున్నారు. చెంచమ్మ తలాపున గంజి గ్లాసు పట్టుకుని ఉంది. తంగరాజును చూడగానే కోకిల ముఖం వెలిగిపోయింది.

"వచ్చినావా మామా! చెప్పినా కదమ్మా, మామ వస్తాడని. నువ్వు గుమ్మం తొక్కితేనే సగం దిగిపోయినట్టుండాది."

తంగరాజు చాప పక్కన కూలబడ్డాడు. ఆడవాళ్లు జెబానికి కళ్లు మూసుకున్నారు.

"జెబం ఉండనీ అమ్మా," అన్నాడు. "ముందు నేనొక మాట చెప్పల్ల. కోకిలా, బిడ్డా, నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదు. నేను మాత్రలు మింగినా. మింగినట్టు నాకు తెలియదు. మీ అత్త చారులో కలిపి పెట్టింది. ఏడాది పైన పెట్టింది. నాకు ఈ దినమే తెలిసింది."

ఒక్కొక్క కన్నూ తెరుచుకుంది. 

"నిజమే తల్లీ," అంది కాంచన. "నేనే పెట్టినా. ఈ పాపం నాది. ఆండవర్ బాగుచేస్తాడు నిన్ను, నేను కాదనలే, మాత్రలతో బాగుచేస్తాడు. లే తల్లీ, పోదాం. మామ ఎత్తుకుంటాడు. బండి దొరక్కపోతే ఎత్తుకోనే పోతాడు."

"లే బిడ్డా," అన్నాడు తంగరాజు. "నన్ను నమ్మి మానేసినావు. నన్ను నమ్మి మళ్లీ మింగు."

 కోకిల అతన్ని చూసి చిన్నగా నవ్వింది. జాలిపడే నవ్వు. తంగరాజు మధ్యాహ్నం కళ్లంలో కాంచనను చూసి నవ్విందీ ఇలాగే.

"నన్ను చూసి భయపడినావు మామా."

"భయం కాదమ్మా, నిజం చెప్తా ఉండా."

"నేను చచ్చిపోతానని అత్తకు భయం పుట్టింది. నీతో ఈ మాట చెప్పించింది. నాకు తెలుసు, నా మీద ప్రేమతోనే." పిల్ల దగ్గింది. చెంచమ్మ గుడ్డ అందించింది. ఆ గుడ్డ ఎవరూ చూడకుండా మడిచేసింది. "ఆండవర్ రమ్మంటే పేతురు నీళ్ల మీద నడిచినాడా లేదా మామా? నడిచినాడు కదా. గాలి చూసి భయపడినాడు, మునగబోయినాడు. మునగబోయినాడని నడిచింది అబద్ధమైపోతాదా? నువ్వు నడిచినావు. మూట ఎత్తినావు, నేను ఈ కళ్లతో చూసినా. ఇప్పుడు గాలి చూసినావు, అంతే."

"అయ్యో బిడ్డా," అంది కాంచన. "నేను నూరిన మాత్రలమ్మా అవి. నా చేత్తో నూరినా."

"అత్తా, నువ్వు మామను కిందికి లాగొద్దు," అంది కోకిల. కోపంగా అనలేదు. బతిమాలినట్టుగా అంది.

ఏం చేయాలి ఇలాంటి పిల్లను? అబద్ధం చెబితే ప్రాణం పెట్టి నమ్మింది. నిజం చెబితే ఆ నమ్మకంతోనే తోసేసింది. తంగరాజు రెండు చేతులూ జోడించాడు. మేనకోడలికి చేతులు జోడించిన మేనమామను చూసి ఆడవాళ్లలో ఒకామె ఏడ్చేసింది. అది చూసి కోకిల మోచేతి మీద లేవబోయింది, లేవలేకపోయింది. ముఖంలో నవ్వు పోయింది. ఇప్పుడు నిజంగా భయపడింది. తన కోసం కాదు.

"మామా, నువ్వు మునిగిపోతా ఉండావు," అంది. "నేను చూస్తా ఊరుకోలేను. నీ సాక్ష్యమే నన్ను పట్టుకోనుండాది, ఇప్పుడు నిన్ను నేను పట్టుకుంటా. అమ్మా, ఆ గంజి తీసెయ్. మామ విశ్వాసం మామకు తిరిగొచ్చేదాకా నేను ఉపవాసం. నీళ్లు గూడా వద్దు."

"కోకిలా!" అంది చెంచమ్మ.

"అందరూ కండ్లు మూసుకోండి. ఆండవరే, మా తంగరాజు మామను..." అని పిల్ల మొదలుపెట్టింది. గొంతు సగం ఊపిరి, సగం దగ్గు. ఆడవాళ్లు ఏం చేయాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో అలవాటుగా స్తోత్రం అన్నారు. ఇంకొకరూ అన్నారు.

చెంచమ్మ గంజి గ్లాసు అలాగే పట్టుకుని ఉంది. పొద్దున తిరువళ్లూరు దాకా వచ్చి ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషికి ఇప్పుడు చెంపలు రెండూ తడిసిపోయి ఉన్నాయి. మోకాళ్ల మీద జరిగి తమ్ముడి దగ్గరికి వచ్చింది. కూతురికి వినబడకుండా అతని చెవి దగ్గర నోరు పెట్టింది. పక్కనే ఉన్న కాంచనకు ప్రతి మాటా వినబడింది.

"నీ మాట నేను నమ్మినా రాజూ. నువ్వు చెప్పిందంతా నిజమని నాకు తెలిసిపోయింది. కానీ అది మొండిది, అన్నదంటే చేస్తాది. నిన్నటినుంచి దాని గొంతులో దిగింది ఈ గంజి ఒక్కటే. ఇదీ లేకుంటే తెల్లారేదాకా గూడా ఉండదు." చెంచమ్మ అతని చొక్కా పట్టుకుంది. "ఇప్పుడు చెప్పిందంతా అబద్ధమని చెప్పెయ్. మాత్ర నువ్వు ముట్టలేదని, ఆండవరే లేపినాడని మళ్లీ చెప్పు. ఆ పాపం నాకు రానీ. నా బిడ్డ ఒక గుక్క గంజి తాగనీ రాజూ."